అమ్మమ్మ ఈలపీట, బాతెల్ కొలిమి

పోయిన సంవత్సరం ఇండియా నుంచి తిరిగి వచ్చేటప్పుడు నా చెకిన్ సూట్‌కేసులో పచ్చళ్ళు, కారప్పొడులతో పాటు ఒక తుప్పు పట్టిన ఇనుపముక్క కూడా ఉంది. రెండు పాత టవళ్ళలో చుట్టి, పైన అట్టపెట్టె ముక్కలు పెట్టి, టేపు వేసి తెచ్చాను. అది మా అమ్మమ్మ ఈలపీట కత్తి. కోస్తావాళ్ళు కత్తిపీట అంటారు కదా, అదే. పీట చెదపురుగులు తినేసి పోయింది. కత్తి అడుగున, పీటలో దిగే చోట, విరిగింది. అమ్మ పాతసామాన్లవాడికి వేయబోతుంటే నేను అడ్డం పడ్డాను.

"ఆ తుప్పు కత్తి ఎందుకే నీకు? అమెరికాల కత్తులు దొర్కవా?" అంది అమ్మ.

దొరుకుతాయి. మా వంటింట్లో చెక్క స్టాండులో ఆరు కత్తులున్నాయి. కానీ దీని మీదే అమ్మమ్మ యాభై ఏళ్ళు వంకాయలు కోసింది, చింతకాయలు కొట్టింది, కొబ్బరి చెక్కింది. దాన్నెలాగైనా మళ్ళీ కూరగాయ కోసేలా చేయాలని నా ఆశ. ఎలాగో మాత్రం అప్పుడు తెలియదు.

మేముండే ఊరు వాషింగ్టన్ రాష్ట్రంలో బాతెల్. సియాటిల్‌కి ఈశాన్యంగా, సగం కింగ్ కౌంటీలో, సగం స్నోహోమిష్ కౌంటీలో ఉంటుంది. ఇక్కడి తెలుగువాళ్ళకి బాతెల్ అంటే ముందు గుర్తొచ్చేది గుడి. ఆ తర్వాత ట్రాఫిక్. ఈ ఊరు 1909లో మున్సిపాలిటీ అయింది. అంతకుముందు ఇది దుంగల ఊరు. చుట్టూ అడవి నరికి, దుంగల్ని సమామిష్ నదిలో వదిలి లేక్ వాషింగ్టన్‌కి తేల్చుకుపోయేవారు. నదిలో చిన్న చిన్న స్టీమర్లు తిరిగేవి. 1916లో ఓడల కాలువ కోసం లేక్ వాషింగ్టన్ నీటిమట్టాన్ని దాదాపు తొమ్మిది అడుగులు దించాక నది లోతు తగ్గి ఆ స్టీమర్లు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ నది పక్కనే మనం వాకింగ్ చేస్తున్నాం. బాతెల్ ల్యాండింగ్ పార్కులో 1893లో కట్టిన హానన్ గారి ఇల్లు ఇప్పుడు ఊరి మ్యూజియం. పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. ఇన్ని గొడ్డళ్ళు, ఇన్ని రంపాలు నడిచిన ఊరంటే కమ్మరి లేకుండా ఎలా గడిచి ఉంటుంది?

కమ్మరి ఇప్పటికీ ఉన్నాడని తెలిసింది మా పాప స్నేహితురాలి తల్లి వల్ల. ఊరి ఉత్తరపు అంచున, ఇంటి వెనక షెడ్డులో, విమానాల ఫ్యాక్టరీలో మెషినిస్టుగా చేసి రిటైరయిన ఒక పెద్దాయన శనివారాలు ఒకరిద్దరికి కత్తులు చేయడం నేర్పుతారట. పేరు రాయవద్దన్నారు కాబట్టి "పెద్దాయన" అనే అంటాను. నేను ఈలపీట కత్తి పట్టుకుని వెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని అతుకుదాం. కానీ ముందు మీరు అతకడం నేర్చుకోవాలి. ఇది ఒక్కటే ఉంది కదా, నేర్చుకోవడానికి దీన్ని పాడు చేయకూడదు" అన్నారు.

ఆ మాటకే నేను చేరిపోయాను.

డమాస్కస్ అంటే మన ఉక్కు

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో "డమాస్కస్ కత్తి" అని అలలు అలలుగా గీతలున్న కత్తులు అమ్ముతారు, చూసే ఉంటారు. ఆ పేరు మీద రెండు వేర్వేరు వస్తువులు చలామణీలో ఉన్నాయి.

ఒకటి అసలు పాతది. ఇనుముని బొగ్గు, ఆకులలాంటి వాటితో కలిపి మట్టిమూసలో పెట్టి, మూత వేసి, కరిగించి, మెల్లగా చల్లార్చితే వచ్చే ఉక్కుముద్ద. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. దాన్ని తక్కువ వేడి మీద ఓపికగా సాగగొడితే ఉక్కులో నుంచే నీటి అలల్లాంటి చారలు బయటపడతాయి. ఇందులో మడతలు ఉండవు, అతుకులు ఉండవు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని "వూట్జ్" అన్నారు. అది మన తెలుగు, కన్నడాల "ఉక్కు" అన్న మాటే వాళ్ళ నోట్లో పడి అలా అయిందని చాలామంది పండితులు చెబుతారు.

ఆ ఉక్కు తయారైన పేరున్న ఊళ్ళలో ఒకటి మా నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. ఆర్మూరు నుంచి జగిత్యాల వెళ్ళే దారికి దగ్గర్లో ఉంటుంది. ఆ దారిలోనే కమ్మర్‌పల్లి అనే ఊరుంది. చిన్నప్పుడు సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్తూ ఆ బోర్డు ఎన్నిసార్లు చదివానో. పేరులోనే కమ్మరి ఉన్నాడని ఒక్కసారీ తట్టలేదు. 1820 ప్రాంతంలో హెన్రీ వాయ్‌సే అనే డాక్టరు, సర్వేవాళ్ళతో తిరుగుతూ కోనసముద్రం వచ్చి, అక్కడి కొలిముల గురించి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ వ్యాసం 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుము కలిపి మూసల్లో పెట్టేవారనీ, రేయింబవళ్ళు తిత్తులు ఊదేవారనీ రాశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పర్షియా వ్యాపారి ఆ ఊళ్ళోనే కూర్చుని ఉక్కు కొనుక్కుంటున్నాడట. తమ దేశంలో అలాంటిది చేయాలని చూశారనీ, కుదరలేదనీ అతను వాయ్‌సేకి చెప్పాడు.

లండన్‌లో మైకేల్ ఫారడే కూడా 1819 ప్రాంతంలో మన ఉక్కుని పరీక్షించాడు. విద్యుత్తు గురించి చదివినప్పుడల్లా ఆయన పేరు రాశాను గానీ, ఆయన ఒక కమ్మరి కొడుకనీ, నిజామాబాద్‌లో తయారైనలాంటి ఉక్కు మీద బుర్ర బద్దలు కొట్టుకున్నాడనీ బీఎస్సీ మూడేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఆ చారల రహస్యం మళ్ళీ దొరకడానికి 20వ శతాబ్దం చివరిదాకా పట్టింది. జాన్ వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి కలిసి, ఇనుములో అతి స్వల్పంగా వెనేడియంలాంటి మలినాలుంటేనే ఆ చారలు ఏర్పడతాయని తేల్చారు. ఇనుపరాయి మారితే చార పోతుంది. పనితనం ఒక్కటే చాలదు, నేల కూడా కలిసిరావాలి.

రెండోది ఇప్పుడు ఎక్కువగా దొరికేది. రెండు మూడు రకాల ఉక్కురేకుల్ని పేర్చి, కొలిమిలో కాల్చి, కొట్టి ఒకటిగా అతికి, మడిచి, మళ్ళీ అతికి చేసేది. అమెరికాలో దీన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చినవాడు విలియం మొరాన్. 1973లో తను చేసిన మడత ఉక్కు కత్తుల్ని కత్తిపనివాళ్ళ ప్రదర్శనలో పెట్టాడు. మా బాతెల్ నుంచి ఐ-5 మీద ఉత్తరానికి వెళ్తే బెల్లింగ్‌హామ్ వస్తుంది. అక్కడ వంటింటి కత్తులకి ప్రపంచమంతా పేరున్న బాబ్ క్రామర్ పని చేస్తారు. ఆయన ఒకప్పుడు వంటవాడు, ఆ తర్వాత హోటళ్ళ కత్తులకి పదును పెట్టేవాడు, ఆ తర్వాతే కమ్మరి.

పెద్దాయన షెడ్డులో నేను నేర్చుకున్నది ఈ రెండో పద్ధతి.

వెలిగారం, అయస్కాంతం, నా గాజులు

మొదటిరోజు ఆయన చెప్పిన మొదటి పాఠం బట్టల గురించి. పాలిస్టర్ వద్దు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు బట్టలు, తోలు బూట్లు, కళ్ళద్దాలు, ముడి వేసిన జుట్టు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. కొలిమి గ్యాసుది కాబట్టి షెడ్డు తలుపులు ఎంత చలిలోనైనా బార్లా తీసి ఉండాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం.

రెండు రకాల ఉక్కు తీసుకున్నాం. 1095 అనేదాంట్లో కార్బన్ 0.95 శాతం. 15ఎన్20 అనేదాంట్లో కార్బన్ కొంచెం తక్కువ, కానీ నికెల్ రెండు శాతం ఉంటుంది. మొదటిది నాలుగు రేకులు, రెండోది మూడు, ఒకటి విడిచి ఒకటి పేర్చాం. ఏడు పొరలు. అంచులు వెల్డింగ్ చేసి కట్టకి ఒక పిడి అతికించాం. ఎర్రగా కాలాక ఆయన ఒక డబ్బాలోంచి తెల్లపొడి తీసి చల్లారు. అది నురగలా పొంగి, తేనెలా కరిగి, రేకుల సందుల్లోకి జారింది. ఏమిటా అని డబ్బా చూస్తే బోరాక్స్. కిరాణా షాపులో బట్టల సబ్బుల వరుసలో దొరికేదే. మన వెలిగారం! చిన్నప్పుడు కంసాలి దగ్గర చూసిందీ అదే, నోటిపూతకి అమ్మమ్మ వేయించి పెట్టిందీ అదే. (ఇప్పుడు అలా ఎవరూ వాడకూడదు లెండి.) కాలే ఇనుముకి గాలి తగిలితే పైన నల్లటి పొలుసు కడుతుంది. పొలుసు మధ్యలో ఉంటే అతుకు పడదు. వెలిగారం ఆ పొలుసుని కరిగించి, గాలి తగలకుండా కప్పేస్తుంది. కంసాలికైనా కమ్మరికైనా రసాయనశాస్త్రం ఒక్కటే.

దాదాపు 1250 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర ఇనుము పసుపుపచ్చగా, కొలిమి గోడ రంగులోనే కలిసిపోయి, దాదాపు కనపడకుండా పోతుంది. అప్పుడు బయటికి తీసి దాగలి మీద పెట్టి కొట్టాలి. నాకు కొట్టాలంటే బలంగా కొట్టాలనే తెలుసు. రెండు దెబ్బలకే పెద్దాయన ఆపారు. "మొదట పిండి అద్దినట్టు అద్దండి. పొరలు ఒకదాన్నొకటి పట్టుకున్నాక కొట్టొచ్చు."

నేను తొందరపడ్డాను. ఏడు పొరలు పద్నాలుగయ్యాయి. రెండో మడత దగ్గర, లోపలి ముఖాలు సరిగ్గా రుద్ది శుభ్రం చేయకుండానే మడిచాను. చల్లారాక పక్కనుంచి చూస్తే వెంట్రుకంత నల్లగీత. ఉలితో తట్టగానే పొరలన్నీ పుస్తకంలా విచ్చుకున్నాయి. ఒక శనివారమంతా చేసిన పని. ఇంటికి వెళ్ళి మాట్లాడకుండా పడుకున్నాను. "పోనీలే, కత్తి ఒకటి కొనేద్దాం" అన్నారు మావారు, మంచిమాటగానే. కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్టు, ఆ రోజు నా దగ్గర ఆ మాట చెల్లలేదు.

ఇనుము విరిగితే కమ్మరి రెండు మూడుసార్లు కాచైనా అతకగలడని వేమన చెప్పింది మనసు గురించి చెప్పడానికే. బళ్ళో ఆ పద్యం అప్పజెప్పినప్పుడు మనసు సంగతే ఆలోచించాం. కమ్మరి సంగతి ఎవరు ఆలోచించారు? ఆ అతకడం ఎంత కష్టమో నాకు మర్నాటి శనివారం దాకా తెలియలేదు.

రెండోసారి తొందరపడలేదు. ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది, యాభై ఆరు. అతుకు పడింది. చిన్నముక్క కోసి, నున్నగా అరగదీసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచాం. మా కాలేజీ ల్యాబులో సర్క్యూట్ బోర్డుల మీద రాగిని తినిపించేవాళ్ళం, అదే ద్రావణం. నికెల్ ఉన్న పొరలు మెరుస్తూ నిలబడ్డాయి. లేనివి నల్లబడ్డాయి. అలలు కనిపించాయి.

"ఎక్కువ కార్బన్ ఉన్న పొరలు నల్లగా, తక్కువున్నవి తెల్లగానా?" అని అడిగాను. పెద్దాయన నవ్వి కాదన్నారు. అంత వేడిలో కార్బన్ అణువులు చాలా చిన్నవి కాబట్టి పొరల మధ్య చకచకా తిరిగేస్తాయి. కొన్నిసార్లు కాల్చేసరికి అన్ని పొరల్లోనూ కార్బన్ దాదాపు సమానమైపోతుంది. నికెల్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మనం చూసే చారలు నికెల్ చారలు. పదునుకి కావలసినదంతా కలిసిపోతుంది, చూపుకి కావలసినది కలవకుండా మిగిలిపోతుంది. పదమూడేళ్ళ క్రితం మానేసిన చదువు ఒక్కసారి చేతిలోకి వచ్చినట్టయింది.

ఈలపీట పరీక్ష

ఇక అమ్మమ్మ కత్తి. నిజం చెప్పొద్దూ, నా మనసులో ఒక పెద్ద ఆశ ఉంది. కోనసముద్రం పక్కనే కదా, ఈ కత్తి ఆ పాత ఉక్కే అయి ఉండొచ్చు కదా అని. పెద్దాయనకి కోనసముద్రం కథంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, సానరాయి ఆన్ చేశారు.

రవ్వల పరీక్ష చాలా సులువైనది. మామూలు మేకుని సానకి పెడితే రవ్వలు పొడుగ్గా, నూలుపోగుల్లా పోతాయి. 1095 పెడితే దగ్గర్లోనే చిటపటమని కాకరపువ్వొత్తిలా విచ్చుకుంటాయి. కార్బన్ ఎంత ఎక్కువుంటే అంత పువ్వు. అమ్మమ్మ కత్తి రవ్వలు ఆ రెంటికీ మధ్యలో ఉన్నాయి.

"మూసలో చేసిన ఉక్కయితే ఇంకా ఎక్కువ విచ్చుకోవాలి. ఇది బండి స్ప్రింగులాగుంది" అన్నారు.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశాను. "అమ్మా, అమ్మమ్మ ఈలపీట ఎవరు చేసిండ్రు?"

"ఇంకెవరు, మనూరి కమ్మరాయనే. మా నాయిన నిజామాబాద్‌ల లారీ షెడ్డుకాడ కమాను పట్టీ ముక్క కొనుక్కొచ్చి ఇచ్చిండు. దానితోనే ఈలపీట, రెండు కొడవండ్లు చేసిచ్చిండు. పైసలు లేవు అప్పట్ల. పంట రాంగనే గింజలు కొలుస్తుండె, మేర కింద."

కోనసముద్రం కల అక్కడితో అయిపోయింది. లారీ కమాను పట్టీ. కాసేపు చిన్నబోయాను. అమ్మ ఇంకా చెబుతూనే ఉంది.

"ఆయన ఒక్కడే ఏడ చేస్తుండె? ఆయన పెండ్లాం తిత్తి ఊదుతుండె. పెద్ద పనికి సమ్మెట గూడ ఆమెనే కొడ్తుండె. సంకల పిల్లను పక్కకు పండబెట్టి కొడ్తుండె. మేం పోరలం నిలబడి చూస్తుంటిమి."

"ఆమె పేరేంది?"

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "యాదికొస్తలేదే. కమ్మరామె అంటుంటిమి."

బాతెల్‌లో మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేను శనివారం పాట్‌లక్కులు మానేసి సుత్తె పట్టానని తెలిసినప్పటి నుంచి ఒకటే జోకులు. ఆడవాళ్ళకి ఈ కమ్మరమేంటి, మొగుడి మీద కోపమా అని. నేనూ నవ్వి, ఏదో కొత్తపని చేస్తున్నదాన్నని లోపల్లోపల గర్వపడ్డాను. అమ్మ మాట విన్నాక ఆ గర్వం సర్దుకుంది. నాకంటే ముందే ఒకామె, చంటిబిడ్డని పక్కన పడుకోబెట్టి, ఇదే ఇనుము మీద సమ్మెట కొట్టింది. ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు.

అతుకు

పెద్దాయన కత్తిని సగానికి కోయమన్నారు. సగం దాచుకోండి, సగంతో ప్రయత్నిద్దాం, పోతే సగమే పోతుంది అని. ఆ సగాన్ని మళ్ళీ రెండు పట్టీలు చేసి, మధ్యలో 1095 పట్టీ పెట్టాం. లోపల కొత్త ఉక్కు అంచు, బయట రెండు వైపులా అమ్మమ్మ ఇనుము. పట్టీలు మెరిసేదాకా నేనే రుద్దాను. వెలిగారం నేనే చల్లాను. మొదటి దెబ్బలు అద్దినట్టే వేశాను. అతుకు పడింది. ఒక్క చోట తప్ప. మడమ దగ్గర అరంగుళం మేర సందు మిగిలింది. అక్కడి దాకా కోసేశాం. ఆరంగుళాలు అనుకున్న కత్తి అయిదంగుళాలయింది.

గట్టిపరచడానికి మళ్ళీ కాల్చాలి. ఎంత వేడి అని అడిగితే ఆయన అయస్కాంతం ఇచ్చారు. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అంటుకోని క్షణం తర్వాత ఇంకొంచెం కాల్చి, గోరువెచ్చటి కనోలా నూనెలో నిలువుగా ముంచాలి. మంట లేచింది, పకోడీల వాసన వచ్చింది. ఆకురాయి పెడితే గాజు మీద జారినట్టు జారింది. కానీ ఇంత గట్టిగా ఉంటే కిందపడితే పగులుతుంది. అందుకని కొంత మెత్తబరచాలి. దానికి కొలిమి అక్కర్లేదు, మనింటి ఓవెన్ చాలు. 400 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండు గంటలు, రెండుసార్లు. "అమ్మా, కేకా?" అని మా పాప వచ్చి ఓవెన్‌లోకి తొంగిచూసింది.

ఆసిడ్‌లో ముంచితే దీనిలో అలలేమీ రాలేదు. నికెల్ లేదు కదా. బయట ఒక నలుపు, అంచు దగ్గర ఇంకో నలుపు, రెంటి మధ్య అతుకు పడిన చోట పొడుగూతా సన్నటి తెల్లగీత. నాకు ఆ గీతే చాలు.

ఆన్‌లైన్ డమాస్కస్ కొనాలనుకునేవారికి ఒక మాట. చౌకవాటిలో కొన్నిటి మీద చారలు లేజర్‌తో గీసినవే. అసలైనవైతే చార పక్కలకే ఆగదు, కత్తి వెన్ను మీదుగా కూడా కొనసాగుతుంది. ఇలాంటి కార్బన్ ఉక్కు కత్తిని డిష్‌వాషర్‌లో పెట్టకూడదు. టమాటా, నిమ్మ, చింతపండు తగిలితే వెంటనే కడిగి తుడవాలి. మొదట్లో నల్లమచ్చలు పడతాయి, భయపడకండి. మా అమ్మమ్మ ఈలపీట ఎప్పుడైనా తెల్లగా ఉండిందా?

దసరాకి దాన్ని దేవుడి గదిలో పెట్టి పసుపు కుంకుమ పెట్టాను. పెద్దాయనకి పులిహోర, బొబ్బట్లు తీసుకెళ్ళాను. సాయంత్రం తిరిగి వస్తుంటే యూనివర్సిటీ పక్కన చిత్తడినేలల మీదికి కాకులు వేలకొద్దీ గూటికి చేరుతున్నాయి. చలికాలం సాయంత్రాల్లో బాతెల్‌లో ఇది రోజూ ఉండేదే. మా పాప లెక్కపెట్టబోయి వదిలేసింది.

మర్నాడు ఆ కత్తితో మొదటిసారి వంకాయలు కోశాను. అమ్మకి వీడియోలో చూపించాను. "పదునున్నదే, వేళ్ళు పైలం" అంది. ఆ తర్వాత నేను అడగకుండానే, కమ్మరామె పేరు చిన్నమ్మని అడిగి కనుక్కుంటానంది. ఇంకా తెలియలేదు. కత్తిలో మిగిలిన సగం మాత్రం డ్రాయరులో టవల్‌లో చుట్టి ఉంది. పాప పెద్దయ్యాక అడిగితే, అతకడం నేర్పాకే చేతికిస్తాను.